వాయిదా ఎవరికి, బియ్యం సంచి ఎవరికి?

2020 ఏప్రిల్. లాక్‌డౌన్ మొదలై మూడు నాలుగు వారాలైంది. ఒక దినపత్రిక జిల్లా పేజీలో ఫోటో వచ్చింది. ముఖాలకు మాస్కులు కట్టుకున్న పది పన్నెండు మంది వర్తక సంఘం పెద్దలు వరసగా నిలబడ్డారు. వాళ్ల ముందర బియ్యం సంచులు. సంచులు అందుకుంటున్న వాళ్లు ఆరుగురు. కింద 'నిరుపేదలకు వర్తక సంఘం చేయూత' అని రాసి ఉంది. ఇచ్చేవాళ్ల పేర్లు హోదాలతో సహా వేశారు. పుచ్చుకునే వాళ్లకు పేర్లు లేవు. ఎడమ నుంచి రెండో మనిషి మా నాయిన.

మా నాయిన ఆ బజార్లోనే చెప్పులు కుడతాడు. అప్పటికి ఇరవై ఏడేండ్ల నుంచి అక్కడే కూర్చుంటున్నాడు. తోలు, రబ్బరు సోలు, మేకులు, దారం, పాలిష్ డబ్బాలు పైసలు పెట్టి కొంటాడు. బేరం ఆడతాడు. తెలిసినోళ్లకు ఉద్దెర పెడతాడు, ఎగ్గొట్టినోళ్లను తిట్టుకుంటాడు. రోజూ తైబజారు కడతాడు. కూర్చునే జాగ రోడ్డుదే అయినా వెనక మడిగె ఆసామికి నెలకింత అని ఇస్తాడు. ఇన్ని చేసేవాణ్ని వ్యాపారి అనకపోతే ఏమనాలె? ఫోటో చూసి మా నాయిన నవ్విండు. "ఆళ్ల బజార్లనే గదరా నేను కూసునేది. ఇన్నేండ్లకు నన్ను గరీబోని లెక్కల రాసిన్రు" అన్నడు.

ఆ బియ్యం మేం వండుకుని తిన్నాం. ఇచ్చిన వాళ్ల మనసు చెడ్డదని నేను అనడం లేదు. ఆ పట్టణం పేరూ, సంఘం పేరూ ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే ఒక సంఘాన్ని బోనులో నిలబెట్టడానికి ఈ వ్యాసం రాయడం లేదు. ఫోటో కింద రాసిన ఆ మాట గురించి రాస్తున్నాను.

కష్టకాలంలో చాంబర్ ఆఫ్ కామర్స్ చిన్న వ్యాపారులకు అండగా నిలబడిందనే వార్తలు జనగామ నుంచి గానీ, మానుకోట నుంచి గానీ, భూపాలపల్లి నుంచి గానీ వస్తే మనం పెద్దగా పట్టించుకోం. అది వాళ్ల లోకం అనుకుంటాం. అండగా నిలబడడం నిజమే కావచ్చు. నా ప్రశ్న వేరు. ఒకే బజార్లో, ఒకే దెబ్బ తిన్న ఇద్దరిలో ఒకరిది వ్యాపార నష్టం ఎట్లా అయింది, ఇంకొకరిది పేదరికం ఎట్లా అయింది? నష్టమైతే అప్పుకు వాయిదా దొరుకుతుంది, కొత్త అప్పు పుడుతుంది, కలెక్టరుకు వినతిపత్రం పోతుంది. పేదరికమైతే బియ్యం సంచి వస్తుంది. ఈ రెంటి మధ్య గీత గీసింది కులం అని చెప్పి ఊరుకోవడం సులువు. మన సభల్లో చప్పట్లు కూడా పడతాయి. కానీ ఆ గీత ఏ కాగితం మీద, ఏ నిబంధనలో గీశారో చూడకపోతే దాన్ని చెరిపే దారి మనకు దొరకదు.

ముందు కొంచెం వెనక్కి పోవాలె. హైదరాబాదులో 1917లోనే చాంబర్ ఆఫ్ కామర్స్ పుట్టింది. ఇవాళ ఎఫ్‌టీసీసీఐ అని పిలుస్తున్న తెలంగాణ వాణిజ్య పారిశ్రామిక మండళ్ల సమాఖ్య అదే, పేర్లు మార్చుకుంటూ వచ్చింది. పల్లెల్లో, తాలూకా ఊళ్లలో వర్తకుల కష్టం వేరే రకంగా ఉండేది. నిజాం అధికారులు దౌరాకు వస్తే కోమట్లు ఉప్పూ పప్పూ నెయ్యీ ఊరికే ఇయ్యాలె, ఇస్తే గిస్తే వాళ్లు చెప్పిన ధరకు ఇయ్యాలె. అదీ వెట్టే. 1921లో మొదలైన ఆంధ్ర జనసంఘం తొలి రోజుల్లోనే ఈ సమస్యను పట్టుకుంది. వర్తకులకు హక్కులున్నాయని, అధికారికి సరుకు ఊరికే ఇయ్యనక్కర లేదని చెప్పడానికి 'వర్తక స్వాతంత్ర్యము' అనే చిన్న పుస్తకమే అచ్చేశారు. తెలంగాణలో తెలుగువాళ్ల మొదటి ప్రజా సంఘం చేసిన మొదటి పనుల్లో వర్తకుణ్ని కాపాడడం ఒకటన్న మాట. తప్పు పట్టవలసిన పని కాదు.

అదే కాలంలో అదే ఊళ్లో మాదిగ ఇంటి నుంచి దొరకు చెప్పులు పోయేవి, మోట బొక్కెనలకు తోలు పోయేది, ఎడ్లకు వార్లు పోయేవి. అన్నీ వెట్టిలోనే. చూస్తే ఇదీ సరుకే. తోలు ఊనడానికి రోజులు పడుతుంది, తంగేడు చెక్క కావాలె, చేతులు కుళ్లేటంత పని. కానీ ఆ సరుకుకు ధర ఉందని, దాన్ని చేసినోడు అమ్మకందారని, అతనికీ ఒక వర్తక స్వాతంత్ర్యం ఉండాలని ఆనాడు ఎవరికీ తోచలేదు. కోమటి ఇచ్చిన ఉప్పు సరుకుగా లెక్కకు వచ్చింది. మాదిగ ఇచ్చిన తోలు చాకిరీ కింద లెక్కకు వచ్చింది. 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగితే భాగ్యరెడ్డి వర్మ సభలో కూర్చోవడమే కొందరికి మింగుడు పడలేదు, ఇంక తోలు ధర గురించి ఎవరు మాట్లాడతారు? ఆ మాట 1940లలో సంఘం వచ్చినంక, విసునూరు దొర గడీ చుట్టూ, కడవెండిలో, పాలకుర్తిలో గొంతు లేచినంక గానీ రాలేదు. అప్పుడైనా వెట్టి పోవాలన్న మాట వచ్చింది. తోలు పని చేసేటోడు బజార్లో అమ్మకందారుగా నిలబడాలన్న మాట అప్పుడూ రాలేదు.

ఫోటో కింద రాసిన మాటకు మూలం అక్కడుంది. మా తాత సరుకును చాకిరీ అన్నారు, మా నాయిన వ్యాపారాన్ని పేదరికం అన్నారు.

ఇప్పుడు చాంబర్ నిజంగా ఏం చేస్తుందో చూద్దాం. మన వైపు తాలూకా పట్టణంలో చాంబర్ అంటే పెద్ద కంపెనీలు కావు. కిరాణం, బట్టలు, బంగారం, ఎరువులు, ఇనుపసామాను దుకాణాల వాళ్లు, మార్కెట్ యార్డులో అడ్తిదారులు, రైసు మిల్లుల వాళ్లు. సంఘం చేసే పని బయటికి కనిపించేది తక్కువ. ఏ రోజు బజారు బందు పెట్టాలె, పన్నుల ఆఫీసర్ దగ్గరికి ఎవరు పోవాలె, హమాలీ రేటు ఎంత పెంచాలె, దివాలా తీసినోడి బాకీలు ఎట్లా పంచుకోవాలె, ఇద్దరు దుకాణదారుల తగాదా పోలీసు స్టేషన్‌కు పోకుండా ఎట్లా తెంపాలె – ఇవన్నీ అక్కడ తేలుతాయి. తమిళనాడులో ఆరణి అనే చిన్న పట్టణాన్ని దశాబ్దాల పాటు చూసిన బార్బరా హారిస్-వైట్ ఎప్పటి నుంచో చెప్తున్నారు, ఇసొంటి పట్టణాల్లో మార్కెట్‌ను నడిపించేది సర్కారు చట్టాల కన్నా ఎక్కువగా కులమూ, వ్యాపార సంఘాలూ అని. ఆరణి మనకు దూరమే గానీ ఆ మాట చదువుతుంటే నాకు మా బజారే కనిపించింది.

అన్నిటి కంటే ముఖ్యమైనది ఉద్దెర. బేగంబజారులో గానీ వరంగల్‌లో గానీ టోకు వ్యాపారి జనగామ కిరాణపాయనకు సరుకు ఉద్దెరకు పంపుతాడు. కష్టం వస్తే నెల గడువు రెండు నెలలు అవుతుంది. ఎందుకు? ఆయన ఎవరి అల్లుడో తెలుసు. వాళ్ల మామ గల్లా ఎంతదో తెలుసు. సంఘంలో ఆయన కుర్చీ తెలుసు. ఇక్కడ హామీ కాగితం మీద ఉండదు, చుట్టరికంలో ఉంటుంది. పేపర్లో పడే రక్తదాన శిబిరాలు, చలివేంద్రాలు, బియ్యం సంచులు బయటికి. ఈ గడువు లోపలికి. కష్టకాలంలో చిన్న వ్యాపారిని నిజంగా బతికించేది లోపలి సాయమే. దాన్ని ఎవరూ ఫోటో తీయరు.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు 2016 అక్టోబర్ 11న ఏర్పడ్డాయి. జిల్లా కేంద్రమైంది, ఆఫీసులొస్తయి, జాగల ధరలు పెరుగుతయని మూడు పట్టణాల్లోనూ సంబరం. సరిగ్గా 28 రోజులకు, నవంబర్ 8 రాత్రి, 500, 1000 నోట్లు రద్దయ్యాయి. ఆ దెబ్బ అందరికీ తగిలింది, పెద్ద దుకాణాలకు కూడా. కానీ కరెంట్ ఖాతా ఉన్నోడు పాత నోట్లు బ్యాంకులో వేసిండు. స్వైపింగ్ మిషన్ తెచ్చిండు. టోకు వ్యాపారికి ఫోన్ చేసి గడువు అడిగిండు. మా నాయిన దగ్గరికి చెప్పు తెగిన మనిషి 500 నోటు పట్టుకుని వచ్చేది. పని ముప్పై రూపాయలది. చిల్లర లేదు. "మల్లొచ్చినప్పుడు ఇయ్యి" అని కుట్టి ఇచ్చేది. అట్లా రెండు నెలలు మా నాయిన ఊరందరికీ ఉద్దెర పెట్టిండు. అతనికి ఉద్దెర పెట్టినోడు మాత్రం ఎవడూ లేడు. సోలు అమ్మే దుకాణపాయన రొక్కం అడిగిండు. చివరికి గిరిగిరి అప్పు తెచ్చిండు. పొద్దున చేతిలో పెట్టేటప్పుడే మిత్తి కోసుకుని, రోజూ సాయంత్రం వచ్చి వసూలు చేసుకుపోయే అప్పు.

గిరిగిరి గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

2020 మార్చి 27న రిజర్వ్ బ్యాంకు అప్పుల కిస్తీలకు మూడు నెలల వాయిదా ఇచ్చింది. తర్వాత దాన్ని ఆగస్టు 31 దాకా పొడిగించింది. ఇది బ్యాంకుల్లో, ఫైనాన్స్ కంపెనీల్లో ఖాతా నంబరు ఉన్న అప్పులకు. గిరిగిరికి ఖాతా నంబరు ఉండదు. మే నెలలో కేంద్రం చిన్న పరిశ్రమలకు, వ్యాపారాలకు 3 లక్షల కోట్ల రుణ హామీ పథకం ప్రకటించింది. తాకట్టు అక్కర లేదు, సర్కారే పూచీ. వినడానికి మనకోసమే వచ్చినట్టుంది. నిబంధన చదవండి: 2020 ఫిబ్రవరి 29 నాటికి బ్యాంకులో ఎంత బాకీ ఉంటే దాంట్లో 20 శాతం కొత్త అప్పు ఇస్తారు. మొదట 25 కోట్ల బాకీ ఉన్నోడి దాకా అర్హులే. 10 లక్షల బాకీ ఉన్నోడికి 2 లక్షలు. కోటి ఉన్నోడికి 20 లక్షలు. అసలు బ్యాంకు గడప తొక్కనోడికి? సున్నాలో 20 శాతం సున్నా.

నేను గీత ఎక్కడ గీశారని అడిగాను కదా, ఒక గీత ఇక్కడుంది. ఈ నిబంధనలో ఎక్కడా కులం పేరు లేదు. రాసిన అధికారి మనసులో కూడా లేకపోవచ్చు. కానీ ఫిబ్రవరి 29 నాటికి బ్యాంకు పుస్తకంలో పేరు ఉండడానికి అంతకు ముందు మూడు తరాల కథ ఉండాలె. ఇల్లు తాకట్టు పెట్టాలంటే ఇల్లు ఊరి లోపల ఉండాలె. మాదిగవాడలో ఇంటిని బ్యాంకు ఎంతకు లెక్కగడుతుంది? చదువుకున్న మిత్రులు 'సార్వత్రిక పథకం' అని పిలిచేది ఇసొంటిదాన్నే.

రోడ్డు మీద అమ్మేవాళ్లకు వేరే పథకం వచ్చింది. 2020 జూన్ 1న పీఎం స్వనిధి. 10,000 రూపాయల అప్పు, కడితే తర్వాత 20,000, ఆ తర్వాత 50,000. 2025లో మొదటి రెండు విడతలను 15,000కు, 25,000కు పెంచారు. ఇది మా నాయినకు వచ్చింది, దాచడం ఎందుకు. గుర్తింపు కార్డు కోసం నాలుగు సార్లు తిరిగినంక వచ్చింది. ఆ పది వేలలో సగం గిరిగిరి బాకీకే పోయింది. అయినా బ్యాంకు పుస్తకంలో మా ఇంటి పేరు పడడం అదే మొదలు. దీన్ని బిచ్చం అని తీసిపారేసే మిత్రులతో నేను ఏకీభవించను. కానీ ఇది పట్టణాల్లో అమ్ముకునేవాళ్ల కోసం పెట్టిన పథకం. సోమవారం ఒక ఊరు, మంగళవారం ఇంకో ఊరు అని పల్లె అంగళ్లు తిరిగేవాళ్లు – గాజులు, ఎండుచేపలు, చాటలు, గంపలు అమ్మే ఆడవాళ్లు – ఈ లెక్కలో సరిగ్గా ఎక్కడా కూర్చోరు. వాళ్లలో మనవాళ్లు ఎంతమందో అంగడికి పోయి చూడండి.

ఇంకో సంగతి. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణంలో ఎవరు ఎక్కడ కూర్చుని అమ్ముకోవాలో తేల్చడానికి టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలె. అందులో 40 శాతం మంది వీధి వ్యాపారులే. వాళ్లలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు, ఆడవాళ్లకు చోటు ఉండాలని చట్టంలోనే ఉంది. అదే కమిటీలో వర్తక సంఘాల ప్రతినిధులకూ చోటు ఉంది. అంటే రోడ్డు మీద కూర్చునే మా నాయిన జాగ గురించి మాట్లాడే కుర్చీ ఆ మడిగె ఆసామికి చట్టమే వేసింది. పత్రికల్లో 'ఫుట్‌పాత్ ఆక్రమణలు తొలగించాలని వ్యాపారుల వినతి' అనే వార్త వచ్చినప్పుడల్లా నేను ఆ కుర్చీని తలుచుకుంటాను. ఆక్రమణ అంటారు. ఆ ఆక్రమణకు నెలనెలా కిరాయి తీసుకునేది కూడా ఆ దుకాణదారుల్లోనే ఒకరు! ఆ కమిటీలోకి మనవాళ్లను పంపాలని మన సంఘాల్లో ఎవరైనా ఎన్నడైనా తీర్మానం చేసిన్రా? నాకైతే గుర్తు లేదు.

భూపాలపల్లిలో బజారు సంగతి కొంచెం వేరు. అది బొగ్గు మీద, జీతం తేదీ మీద బతికే బజారు. సింగరేణి జీతాలు పడ్డ వారం, దసరా ముందు లాభాల వాటా పడ్డ వారం దుకాణాల్లో కాలు పెట్టే సందు ఉండదు. చెల్పూరు దగ్గర కాకతీయ థర్మల్ కేంద్రం వచ్చినంక గిరాకీ ఇంకా పెరిగింది. 2011లో సకల జనుల సమ్మె వచ్చింది. సెప్టెంబర్ 13న మొదలై 42 రోజులు నడిచింది. సింగరేణి కార్మికులు నెల రోజులకు పైగా గనుల్లోకి దిగలేదు. వ్యాపారులు కూడా తెలంగాణ కోసం షట్టర్లు దించి నష్టపోయారు, కాదనను. కానీ షట్టర్ దించడం అనేది షట్టర్ ఉన్నోడు చేసే త్యాగం. లోపల సరుకు ఉంటుంది, రేపు అమ్ముకుంటాడు. ఇడ్లీ బండి ఆమె, పండ్ల బండి ఆయన, బస్టాండు ముందు చెప్పులు కుట్టేటాయన ఆ రోజు పోగొట్టుకున్న గిరాకీ మళ్లీ రాదు. ధూంధాంలలో డప్పు కొట్టింది కూడా మనోళ్లే. ఉద్యమ చరిత్రలు రాసినప్పుడు వర్తకుల బందులు లెక్కకు వచ్చాయి. బండి కట్టేసుకుని ఇంట్ల పండుకున్న ఆమె త్యాగం ఏ లెక్కకూ రాలేదు.

మానుకోట వైపు పోతే కథంతా మార్కెట్ యార్డులో ఉంది. జిల్లా జనాభాలో మూడో వంతుకు పైగా గిరిజనులు, ఎక్కువగా లంబాడాలు. కేసముద్రం యార్డుకు మిర్చి, పసుపు, వడ్లు వస్తాయి. రైతుకు విత్తనానికి, మందులకు, బిడ్డ పెండ్లికి అప్పు ఇచ్చేది అడ్తిదారు. పంట అతని దుకాణానికే పోవాలె. ధర పడిపోయినప్పుడు వర్తక సంఘం ఖరీదుదారులతో మాట్లాడుతుంది, సర్కారుకు లేఖ రాస్తుంది. ఈ లేఖలో అడ్తిదారు కష్టం ఉంటుంది, రైతు కష్టం కూడా ఉంటుంది – రైతు కూలితే అడ్తి బాకీ కూలుతుంది కాబట్టి. బస్తా మోసే హమాలీ, గింజలు తూర్పారబట్టే చాట కూలి ఆడమనిషి ఉండరు. యార్డుకు నాలుగు రోజులు సెలవు అని బోర్డు పెడితే ఆ నాలుగు రోజులూ వాళ్లకు కూలి లేదు. రాష్ట్రం వచ్చిన తొలి ఏళ్లలో మార్కెట్ కమిటీ చైర్మన్ పదవులకు రిజర్వేషన్లు పెట్టారు. మంచిదే. మా దోస్తు ఒకడు దాని మీద అన్న మాట: "కుర్చీ మనకిచ్చిన్రు, గద్దె ఆళ్ల దగ్గరనే ఉంచుకున్నరు." గద్దె అంటే అడ్తి దుకాణంలో పరుపు, దాని ముందర గల్లా పెట్టె.

మరి మనకే ఒక చాంబర్ ఉంటే? ఉంది. 2005లో పుణేలో మిలింద్ కాంబ్లే దళిత ఇండియన్ చాంబర్ ఆఫ్ కామర్స్ అండ్ ఇండస్ట్రీని, డిక్కీని పెట్టాడు. ఉద్యోగం అడిగేటోళ్లం కాదు, ఇచ్చేటోళ్లం అవుదామన్నది దాని నినాదం. మన తెలంగాణ నుంచి నర్రా రవికుమార్ లాంటి వాళ్లు దాని జాతీయ నాయకత్వంలోకి పోయారు. 2012లో కేంద్రం తెచ్చిన కొనుగోళ్ల విధానంలో, కేంద్ర ప్రభుత్వ శాఖలు, సంస్థలు కొనే సరుకుల్లో 4 శాతం ఎస్సీ, ఎస్టీల చిన్న పరిశ్రమల నుంచి కొనాలన్న నియమం వచ్చింది. 2016లో స్టాండప్ ఇండియా వచ్చింది: ప్రతి బ్యాంకు బ్రాంచి కనీసం ఒక ఎస్సీ లేదా ఎస్టీకి, ఒక మహిళకు 10 లక్షల నుంచి కోటి దాకా అప్పు ఇవ్వాలె. వీటి వెనక ఇన్నేండ్ల ఒత్తిడి ఉంది. దళిత పెట్టుబడిదారీ అని వెక్కిరించే మన వామపక్ష మిత్రులు ఒక సంగతి మరచిపోతారు. బొంబాయిలో యువకుడిగా ఉన్నప్పుడు అంబేద్కర్ షేర్లు, స్టాకుల సలహా వ్యాపారం పెట్టాడని, మనిషి అంటరానివాడని తెలియగానే జనం రావడం మానేశారని ఆయన జీవిత చరిత్రల్లో ఉంది. దుకాణం మూతపడడం కూడా కులం చరిత్రలో భాగమే. 2005 ఆర్థిక గణన లెక్కలు తీసుకుని 2013లో లక్ష్మీ అయ్యర్, తరుణ్ ఖన్నా, అశుతోష్ వార్ష్నే రాసిన వ్యాసం ప్రకారం దేశ జనాభాలో ఎస్సీలు 16.4 శాతం ఉంటే వ్యాపార సంస్థల్లో వాళ్లవి 9.8 శాతమే. పానిపట్, సహరాన్‌పూర్‌లలో దళిత వ్యాపారులతో మాట్లాడిన సురీందర్ జోధ్కా కూడా పెట్టుబడి దగ్గర, జాగ దగ్గర, పరిచయాల దగ్గర కులం ఎట్లా అడ్డొస్తుందో రాశాడు.

అయినా డిక్కీ మీద నా విమర్శ నాకుంది. 10 లక్షల దగ్గర మొదలయ్యే అప్పు ఎవరిది? కేంద్ర సంస్థలకు సరుకు సప్లయి చేసే పరిశ్రమ ఎవరిది? కోటీశ్వరులైన దళితుల కథలు పుస్తకాలుగా వస్తున్నాయి, వాటిని చదివి గర్వపడతాం. కానీ అది కూడా పెద్ద చాంబర్ నడిచిన దారే: ముందు లెక్కలో ఉన్నోడికే సాయం. జనగామ బస్టాండు దగ్గర డబ్బా కొట్టు పెట్టుకున్న మాల పిల్లగాడికి, తొర్రూరు అంగట్లో చెప్పులమ్మే మాదిగ ముసలాయనకు లోపలి సాయం ఎవరిస్తారు? గడువు ఎవరు పొడిగిస్తారు? దళిత చాంబర్ అని పేరు పెట్టుకున్నది ముందు ఆ ఉద్దెర గొలుసును కట్టాలి. సర్కారు ఆర్డర్లు ఆ తర్వాత సంగతి.

ఇక్కడ దళిత బంధును చూడాలె. 2021 ఆగస్టు 16న హుజూరాబాద్‌లో మొదలుపెట్టారు. ఉప ఎన్నిక కోసమే అన్న విమర్శ, ఎంపిక ఎమ్మెల్యేల చేతుల్లో పెట్టారన్న విమర్శ రెండూ న్యాయమైనవే. ప్రభుత్వం మారినంక అది ఆగిపోయింది. కానీ కుటుంబానికి 10 లక్షలు, బ్యాంకు పూచీ లేకుండా, తిరిగి కట్టే పని లేకుండా ఇయ్యడం అనేది ముందెన్నడూ లేదు. 'సున్నాలో 20 శాతం' లెక్కకు అది ఎదురు లెక్క. దాంట్లో ఎవరూ పెద్దగా మాట్లాడని ముక్క ఒకటి ఉంది: దళిత రక్షణ నిధి. ప్రతి లబ్ధిదారు సొమ్ము నుంచి పది వేలు పక్కన పెట్టి, సర్కారు కొంత కలిపి, ఆపద వచ్చిన కుటుంబాన్ని ఆదుకోవాలన్నది ఆలోచన. లోపలి సాయం అని నేను ఇందాకటి నుంచి అంటున్నది అదే కదా! మనం పథకం ఎవరికి వచ్చింది, ఎవరికి రాలేదు అని కొట్లాడుకున్నాం. ఆ నిధి ఏమైంది, దాన్ని ఎవరు నడపాలె అని అడగలేదు.

ఇంకా ఒకటి. పది లక్షలు చేతికొస్తే మనోళ్లు ఎక్కువగా కారు కొన్నరు, ట్రాక్టర్ కొన్నరు, గూడ్స్ ఆటో కొన్నరు. అవగాహన లేదని పెద్దలు తిట్టారు. నాకు అట్లా అనిపించలేదు. బండికి కులం కనపడదు. కిరాయి మాట్లాడుకుంటారు, పోతారు. ఊళ్లో కిరాణం పెడితే, హోటల్ పెడితే, పాల కేంద్రం పెడితే ఎవరు కొంటారన్న లెక్క వాళ్లకు మనకన్నా బాగా తెలుసు. సర్కారు మాత్రం మన కోసం ఒక దుకాణాన్ని రిజర్వ్ చేసింది. 2021లో మద్యం దుకాణాల కేటాయింపులో గౌడులకు 15, ఎస్సీలకు 10, ఎస్టీలకు 5 శాతం. మాల మాదిగ చేతి చాయ్ తాగనోడు సీసా కొనడానికి వస్తాడని ఆ లెక్క కాబోలు.

2023 సెప్టెంబర్‌లో వచ్చిన పీఎం విశ్వకర్మలోని 18 వృత్తుల్లో చెప్పులు కుట్టడం కూడా ఉంది. పనిముట్లకు 15,000, తక్కువ మిత్తికి ముందు లక్ష, తర్వాత 2 లక్షల అప్పు. మా నాయినకు ఇది పనికొచ్చే అప్పే. కానీ కుటుంబ వృత్తిలో ఉన్నందుకు దొరికే అప్పు అది. చెప్పులు కుట్టేటోడి కొడుకు సెల్‌ఫోన్ రిపేరు దుకాణం పెడతానంటే ఈ దారిలో రాదు. తమిళనాడు ప్రభుత్వం 2024లో ఈ పథకాన్ని కులవృత్తి మీద నిలబడ్డదని ఒప్పుకోలేదు. మన దగ్గర ఆ చర్చే నడవలేదు.

2025 ఆగస్టు సంగతి చెప్పకుండా ఈ వ్యాసం ముగించలేను. సికింద్రాబాద్ మోండా మార్కెట్ దగ్గర పార్కింగ్ తగాదాలో ఒక దళిత యువకుణ్ని కొట్టారన్న ఆరోపణతో మొదలై 'మార్వాడీ గో బ్యాక్' అనే నినాదం ఊళ్లు తిరిగింది. ఆమనగల్లులో స్థానిక వ్యాపారులు బంద్ పెట్టారు, 22న రాష్ట్ర బంద్ పిలుపు వచ్చింది. దెబ్బ తిన్నాడన్నది దళితుడు. బంద్‌లో ముందుకొచ్చిన డిమాండ్ స్థానిక దుకాణదారు గిరాకీ. వారం తిరిగేసరికి ఆ యువకుడి మాట వినపడలేదు, జీఎస్టీ, నకిలీ సరుకు, కిరాయిలు, ఇవే వినపడ్డాయి. మనవాళ్లు చాలామంది ఆ ఊరేగింపుల్లో ముందు నడిచారు. నేను మార్వాడీ వ్యాపారిని వెనకేసుకు రావడం లేదు. స్థానిక వర్తకుడు గెలిస్తే ఆ బజార్లో మన మడిగె ఎక్కడ అని అడుగుతున్నాను. ఆ అడుగుడు ఊరేగింపుకు ముందే జరగాల్సింది.

భూమి, ఉద్యోగం, ఆత్మగౌరవం – ఈ మూడింటి మీద మనం చాలా రాశాం, చాలా కొట్లాడాం. వర్గీకరణ కోసం ముప్పై ఏండ్లు కొట్లాడితే 2025లో తెలంగాణలో చట్టమైంది. బజారు గురించి మాత్రం మన పత్రికల్లో పట్టుమని పది వ్యాసాలు లేవు. నేను కూడా యూనివర్సిటీకి వచ్చి ఇన్నేండ్లయినా మా నాయిన పనిని 'కులవృత్తి' అనే రాశాను తప్ప 'వ్యాపారం' అని ఒక్కసారీ రాయలేదు. పేపరువాడు నిరుపేద అంటే నాకు కోపం వచ్చింది, నేను నా సినాప్సిస్‌లో ఇంకేం రాశాను?

ఇక పని సంగతి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మున్సిపాలిటీల్లో టౌన్ వెండింగ్ కమిటీల జాబితాలు, అందులో ఎస్సీ, ఎస్టీ సభ్యులు ఎవరు, చివరిసారి ఎప్పుడు కూర్చున్నారు అన్నది సమాచార హక్కు కింద అడుగుతున్నాను. ఒక్కడితో అయ్యే పని కాదు. తొర్రూరు, డోర్నకల్, మరిపెడ, స్టేషన్ ఘన్‌పూర్, పాలకుర్తి, చిట్యాల, కాటారం వైపు ఉన్న విద్యార్థులు, టీచర్లు మీ ఊరి అంగడికి ఒక వారం పోండి. ఎవరు ఏం అమ్ముతున్నారు, సరుకు ఎక్కడి నుంచి తెస్తున్నారు, రొక్కానికా ఉద్దెరకా, గిరిగిరి మిత్తి ఎంత, జాగకు కిరాయి ఎవరికి కడుతున్నారు – అడిగి రాసుకోండి. వాళ్ల పేర్లు రాయొద్దు, ఇబ్బంది పడతారు. పత్రిక చిరునామాకు పంపితే చాలు, నేను ఒకచోట చేరుస్తాను.